గ్రూపులో జవాబు ‘బి’, పరీక్షలో?

లెక్కల మేడమ్‌ని అడగండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్‌లో, ఐఐటీల పాఠాలు అందించే ఎన్‌పీటెల్ వాళ్ల 12 వారాల లీనియర్ ఆల్జీబ్రా కోర్సులో చేరాను. క్రెడిట్లు కలుపుతామని మా కాలేజీలో చెప్పారు. ఏడు వారాలు అయిపోయాయి. గడువు రోజు రాత్రి మా వాట్సాప్ గ్రూపులో జవాబులు వచ్చేస్తాయి. మొదటి రెండు వారాలు నేనే చేసుకున్నాను, నూటికి 60, 55 వచ్చాయి. గ్రూపులో వాళ్లకేమో 100. మూడో వారం నుంచి నేనూ చూసే పెడుతున్నాను. ఇప్పుడు పాఠాలు అర్థం కావడం లేదు. పరీక్షంటే టెన్షన్‌గా ఉంది. అందరూ చేసేదే కదా, ఇది తప్పా?
– ఒక విద్యార్థిని, పార్వతీపురం

జవాబు: తప్పే, అమ్మాయీ. నీ పేరు మీద పెట్టిన అసైన్‌మెంట్ అంటే ‘నేనే చేశాను’ అని చెప్పినట్టే. ఆ మాట అలా ఉంచి, నీకు ఒక లెక్క చెబుతాను. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, నీతులకంటే అవే నాకు బాగా వచ్చు.

పన్నెండు వారాల అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన ఎనిమిదింటినే తీసుకుంటారు. వాటి సగటుకు 25 మార్కులు. సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు 75. సర్టిఫికెట్ కావాలంటే మొదటిదాంట్లో కనీసం 10, రెండోదాంట్లో కనీసం 30, విడివిడిగా రావాలి. గ్రూపు పుణ్యమా అని 25కి 25 తెచ్చుకున్న పిల్లకి పరీక్షలో 24 వచ్చాయనుకో. మొత్తం 49. అయినా సర్టిఫికెట్ రాదు.

ఇప్పుడు నీ 60, 55 చూద్దాం. అదే సగటుతో చివరిదాకా సాగినా 25కి 14 పైనే. కావలసింది పదే! అంటే నువ్వు సిగ్గుపడి వదిలేసిన ఆ రెండు వారాలూ నిక్షేపంలా పాసయ్యే వారాలు. మధ్యలో జ్వరమొచ్చి నాలుగు వారాలు మానేసినా పరవాలేదన్నట్టు పెట్టారు నిబంధన. అంత వెసులుబాటు ఉన్నచోట దొంగతనం చెయ్యడం, ఉచిత భోజనానికి పిలిస్తే గోడ దూకి వెళ్లినట్టుంది.

అసలు నష్టం వేరే ఉంది. (1,2,3), (4,5,6), (7,8,9) – ఈ మూడు వెక్టర్లు లీనియర్లీ ఇండిపెండెంటా, అంటే ఏ ఒక్కటీ మిగతా రెండింటి నుంచి రాబట్టలేనిదేనా అని అడిగారనుకుందాం. గ్రూపులో ‘బి, కాదు’ అని వస్తుంది. సరైనదే. మొదటిదీ మూడోదీ కలిపితే రెండోదానికి రెట్టింపు. కాగితం మీద కలిపి చూసుకున్నవాళ్లకి ఇది కంటికి కనబడుతుంది. పరీక్షలో చివరి 9ని 10 చేసి ఇస్తారు. అంతే, ఒక్క అంకె. డిటర్మినెంట్ కట్టి చూడు, –3 వస్తుంది. సున్నా కాదు కాబట్టి ఇప్పుడవి ఇండిపెండెంటే. ‘బి’ గుర్తున్న పిల్ల మళ్లీ ‘బి’ నొక్కి వస్తుంది, పైగా చూసిన లెక్కే వచ్చిందని సంతోషపడుతూ.

ఇంకా అయిదు వారాలుంది కదా. మూడో వారానికి వెనక్కి వెళ్లు. అక్కడ పునాది తప్పాక ఎనిమిదో వారం వీడియో పదిసార్లు చూసినా ఎక్కదు. వీడియోని ఒకటిన్నర స్పీడులో పెట్టి అన్నం తింటూ చూడకు. చాలామంది చూసేది అలాగే, నాకు తెలుసు. సార్ లెక్క బోర్డు మీద వేయగానే ఆపు. రఫ్ నోటు తీసి పది నిమిషాలు నువ్వే గింజుకో. రాకపోతే అప్పుడు ప్లే నొక్కు. అరగంట పాఠానికి గంటన్నర పడుతుంది, పట్టనీ. అసైన్‌మెంట్ వచ్చిన రోజే ఒకసారి ప్రశ్నలన్నీ చదివి పెట్టుకో. గడువు రాత్రి పదకొండింటికి మొదటిసారి తెరిస్తే ఎవరి చెయ్యయినా వాట్సాప్ వైపే పోతుంది.

స్నేహితులతో కలిసి చదువుకోవడం తప్పేం కాదు. ‘దీన్ని ఏ దారిలో పట్టాలి’ అని మాట్లాడుకోండి. ‘ఏ ఆప్షన్’ అనే మాట వచ్చిన చోట ఆపెయ్యండి. మర్నాడు పొద్దున తెల్ల కాగితం మీద ఏమీ చూడకుండా ఆ లెక్క నువ్వు చెయ్యగలిగితే అది నీదే. గ్రూపు వదిలెయ్యమని నేననను, హాల్‌టికెట్ కబుర్లు కూడా అందులోనే వస్తాయిగా. గడువు రోజు మాత్రం మ్యూట్‌లో పెట్టు. అన్నట్టు, ఆ జవాబులు పంపేవాడికి అవి ఎక్కణ్ణించి వస్తున్నాయో ఎప్పుడైనా అడిగారా?

కోర్సు ఫోరంలో డౌట్ అడగడానికీ ఒక పద్ధతుంది. ‘సార్, నాలుగో వారం అర్థం కాలేదు’ అంటే పాపం ఆయన మాత్రం ఏం చెబుతాడు? ‘రెండో వీడియో, పద్నాలుగో నిమిషం. ర్యాంక్ 2 అన్నారు, నేను రో రిడక్షన్ చేస్తే 3 వస్తోంది, నా మెట్లు ఇవీ’ అని రాయి. అలా రాస్తుండగానే సగం సార్లు నీ తప్పు నీకే దొరుకుతుంది. అసైన్‌మెంట్ లెక్కయితే గడువు దాటేదాకా దాని జవాబు అక్కడ పెట్టకు.

ప్రశ్న: డిగ్రీ కాలేజీలో ఆన్‌లైన్ క్లాసులు చెబుతున్నాను. పిల్లలు కెమెరాలు ఆపేసి కూర్చుంటారు. ఆన్ చెయ్యకపోతే హాజరు ఇవ్వనని చెప్పవచ్చా?
– ఒక లెక్చరర్, సిద్దిపేట

జవాబు: 2020లో నేనూ అదే చేశాను. రెండు బియ్యం డబ్బాల మీద అట్ట వేసి, దానికి కన్నం పెట్టి, ఫోన్ బోర్లించి, కింద కాగితం మీద రాస్తూ పాఠం చెప్పేదాన్ని. కెమెరా ఆన్ చెయ్యాల్సిందే అన్నాను. చేశారు, బుద్ధిగా తలలూపారు. ఒకరోజు క్లాసు చివర నోట్‌బుక్కులు కెమెరా ముందు పట్టమంటే, మూడో లైన్లో నేను మర్చిపోయిన మైనస్ గుర్తు ఏ ఒక్క పుస్తకంలోనూ లేదు. అందరూ నా తప్పును ముత్యాల్లాంటి అక్షరాలతో దించుకున్నారు.

మర్నాటి నుంచి కెమెరా మాట ఎత్తలేదు. ‘ఈరోజు పాఠంలో కావాలని ఒక తప్పు చేస్తాను, పట్టుకున్నవాళ్లు లైన్ నంబరు చాట్‌లో కొట్టండి’ అన్నాను. మొదటి రెండు రోజులు నిశ్శబ్దమే. మూడో రోజు క్లాసు సగంలోనే నంబర్లు వచ్చిపడ్డాయి. నేను పెట్టిన తప్పు ఒకటే. వాళ్లు పట్టుకున్నవి రెండు.