కట్ట విప్పించి చూడు, అల్లుడూ

సైదాపేట, చెన్నై

ఒరేయ్ అల్లుడూ, ఆశీస్సులు.

మొన్న ఆదివారం నీ గదికి వచ్చినప్పుడు అన్నీ చూసి కూడా నోరు మెదపకుండా వచ్చేశాను. పక్కనే మీ అత్తయ్య ఉంది. కామిక్స్ మీద డబ్బు తగలేయొద్దని ఆవిడ ముందు నీకు చెబితే, ఆ మాటలన్నీ మూటగట్టుకుని ఇంటికొచ్చి నాకే అప్పజెప్పేది. అందుకని రాస్తున్నాను. చదివి దాచిపెట్టుకో, వాట్సాప్‌లో మీ అమ్మకి మాత్రం పంపకు.

పెరుంగుడి వచ్చి నాలుగు నెలలు కాలేదు. మంచం కింద మూడు అట్టపెట్టెలు, కిటికీ గట్టు మీద ఒక దొంతర, ఫ్రిజ్ మీద ఇంకో దొంతర. "ఏం సేకరిస్తున్నావురా?" అంటే "కామిక్స్, మావయ్యా" అన్నావు. కిరాణా కొట్టుకెళ్ళి "ఏం కావాలి బాబూ?" అంటే "సరుకులు" అన్నట్టుంది. కొట్టువాడికి అంతకంటే మంచి బేరం ఏముంటుంది?

నువ్వు కాఫీ కలుపుతుంటే ఒక పెట్టె తీసి చూశాను. ఇంద్రజాల్ కామిక్స్ ఓ పదిహేను, వాటిలో మూడింటికి అట్టలే లేవు. అమర్ చిత్ర కథ విడి సంచికలు, వాటిలో ఉన్న కథలే మళ్ళీ త్రీ ఇన్ వన్‌లో, అవే ఇంకోసారి ఫైవ్ ఇన్ వన్ బైండులో. ఒకే టిన్‌టిన్ పుస్తకం రెండు కాపీలు. మెరిసే అట్ట అమెరికన్ కామిక్ ఒకటి, దాని ప్లాస్టిక్ సంచి ఇంకా విప్పనేలేదు. అడుగున ఇరవై తమిళ కామిక్స్. నీకు తమిళం చదవడం రాదు కదరా!

నవ్వుతున్నానని అనుకోకు. నేను ఇంతకంటే ఘనంగా చేశాను, అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మా చిన్నప్పుడు గూడూరు స్టేషన్లో హిగ్గిన్‌బాథమ్స్ పుస్తకాల స్టాలు ఉండేది. మా నాన్న రైల్వేలో పని. జీతం వచ్చిన రోజు ఎప్పుడైనా మనసు బాగుంటే అక్కడినుంచి ఒక ఇంద్రజాల్ కామిక్ తెచ్చేవాడు. నెలకొకటి కూడా కాదు, ఏడాదికి నాలుగో ఐదో. అందులో ముసుగు వీరుడు ఫాంటమ్ కథల్లో బొమ్మలు చూసే నాకు ఇంగ్లీషు వచ్చింది. ఇంద్రజాల్ మొదలైంది 1964 మార్చిలో. మొదటి 32 సంచికలూ ఫాంటమ్‌వే, మాంత్రికుడు మాండ్రేక్ లాంటివాళ్ళు తర్వాత వచ్చారు. 1979లో ఉద్యోగానికి మద్రాసు వచ్చాక, ఆ 32 సంపాదించాలని పట్టు పట్టాను.

అప్పుడు మాకు మూర్ మార్కెట్ ఉండేది. సెంట్రల్ స్టేషన్ పక్కనే ఎర్ర ఇటుకల పెద్ద కట్టడం, 1900లో కట్టింది. చిలకల నుంచి గ్రామఫోన్ రికార్డుల దాకా దొరకనిది లేదు. పాత పుస్తకాల కొట్లు వరసగా ఉండేవి. నా శనివారం సాయంత్రాలన్నీ అక్కడే.

1984లో ఒక శనివారం, కొత్తగా జీతం తీసుకున్న రోజు. ఒక కొట్టులో పురికొసతో కట్టిన కట్ట కనిపించింది. పైన ఫాంటమ్, అట్ట నిగనిగలాడుతోంది. కింద నుంచి చూస్తే మాండ్రేక్, అదీ బాగానే ఉంది. "నలభై పుస్తకాలు, నలభై రూపాయలు, పుస్తకం రూపాయి పడుతుంది సార్" అన్నాడు. ఆ లెక్క చెవిన పడగానే నాకు ఇంకేమీ వినబడలేదు. నా జేబులో యాభై ఉన్నాయి. నలభై ఇచ్చేసి కట్ట చంకలో పెట్టుకుని మహా ఉషారుగా నడిచాను.

రెండు కొట్లు దాటానో లేదో, గోనెపట్టా మీద పరిచిన పుస్తకాల మధ్య ఇంద్రజాల్ 17వ నంబరు కనిపించింది. నాకు లేని వాటిలో ఒకటి. అట్ట చెక్కుచెదరలేదు, పిన్నులు కూడా తుప్పు పట్టలేదు. ఇరవై చెప్పాడు. బేరమాడి పన్నెండుకి దించాను. జేబులో పది ఉన్నాయి, అందులోనే సైదాపేటకి రైలు టికెట్టు. చంకలో కట్ట దించి, అందులోంచి రెండు ఇస్తానన్నాను. వాడు పురికొస కొంచెం వదులు చేసి, లోపల చూసి, నా మొహం చూసి మళ్ళీ కట్టేశాడు. "వచ్చే శనివారం దాకా ఉంచు" అన్నాను. "సరి సార్" అన్నాడు. వచ్చే శనివారానికి అది లేదు.

ఇంటికొచ్చి కట్ట విప్పితే మొదటిదీ చివరిదీ తప్ప మధ్యదంతా గడ్డి. మధ్య కాగితాలు లేనివి, పజిల్ కత్తిరించినవి, సినిమా పత్రికలు, ఎనిమిదో తరగతి లెక్కల గైడు కూడా ఒకటి. తప్పు కొట్టువాడిదని అననురా. కట్ట విప్పి చూపించమని నేను అడగలేదు.

మరుసటి ఏడు 1985 మే నెలాఖర్లో మూర్ మార్కెట్ తగలబడిపోయింది. ఇప్పుడు ఆ చోటే నువ్వు లోకల్ రైలెక్కే స్టేషన్. కొట్లవాళ్ళు పక్కన అల్లికుళం కాంప్లెక్సుకి మారారు. ఆ 17వ నంబరు మళ్ళీ రెండుసార్లు ఎదురైంది. ఒకసారి మధ్య కాగితం లేదు. ఇంకోసారి ధర విని నమస్కారం పెట్టి వచ్చేశాను.

కాబట్టి మొట్టమొదటి సంగతి: కట్ట కొనకు. కొనాలనిపిస్తే అక్కడే విప్పించి చూడు, విప్పనంటే దణ్ణం పెట్టి ముందుకి నడువు. రూపాయికొకటి చొప్పున పడిందన్న లెక్క నీకు కావలసినవి రెండే ఉన్నప్పుడు పనికిరాదు. ఆ రెండూ నాకు ఇరవై చొప్పున పడ్డాయి.

రెండోది, నీకేం కావాలో తేల్చుకో. ఇది నేను చెప్పేది కాదు గానీ, ఆదివారం నాకొకటి కనబడింది. మిగతా పుస్తకాలు చూపించేటప్పుడు ధరలు చెప్పావు. ఇంద్రజాల్‌లో మన దేశపు వీరుడు బహదూర్ కథలు చూపించేటప్పుడు కథ చెప్పావు. మీ నాన్న దగ్గర బైండు చేయించిన పుస్తకం ఒకటుండేదనీ, కరెంటు పోయినప్పుడు లాంతరు పెట్టుకుని చదివేవాళ్ళమనీ అన్నావు. మరి అదే సేకరించవచ్చు కదా? ఆబిద్ సూర్తీ సృష్టించిన బహదూర్ ఇంద్రజాల్లోకి వచ్చింది 1976లో. ఇంద్రజాల్ ఆగిపోయింది 1990లో. ఆ మధ్యలో వచ్చిన బహదూర్ సంచికలు, ఇంగ్లీషువి మాత్రమే. అంతే నీ పొలం గట్టు. గట్టు అవతల ఎంత పచ్చగా ఉన్నా చూసి ఆనందించు, కోసుకురాకు. రెండేళ్ళ తర్వాత మనసు మారితే గట్టు జరుపుకో, అభ్యంతరం లేదు. కొట్టు ముందు నిలబడి మాత్రం జరపకు.

తేల్చుకున్నాక చిన్న డైరీ ఒకటి పెట్టుకో. ఫోన్లో కాదు. ఫోన్ తీస్తే అందులో అమ్మేవాళ్ళే ముందు కనబడతారు. కావలసిన నంబర్లన్నీ రాసుకో, దొరికినదాని పక్కన తేదీ, ధర, కండిషన్ రాయి. కొట్టులో ఏది చేతిలోకి తీసుకున్నా ముందు డైరీ చూడు. ఆ నంబరు అందులో లేకపోతే కింద పెట్టు. ఒక జాగ్రత్త: జాబితా సరిగ్గా తయారు చేసుకో. ఫాంటమ్‌లు చాలామట్టుకు దొరికాక నేను మాండ్రేక్ వైపు వెళ్ళి, ఇంద్రజాల్ 123, 124 నంబర్ల కోసం నాలుగేళ్ళు తిరిగాను. చివరికి తెలిసిందేమిటంటే, సమ్మె కారణంగా ఆ రెండూ అసలు అచ్చే కాలేదట! మొదటినుంచి వరసగా లెక్కేస్తే నంబర్లు 805 దాకా వెళ్ళినా పుస్తకాలు 803. అలాగే అమర్ చిత్ర కథలో 'కృష్ణ' 11వ నంబరని, ముందు పది ఏవని వెతక్కు. మొదటి పదీ పాశ్చాత్య కథలు, అవీ కన్నడంలో వచ్చాయి. ఇంద్రజాల్ ఎనభైల్లో వరస నంబర్లు మానేసి సంపుటం, సంచిక అని వేయడం మొదలుపెట్టింది. నీ బహదూర్‌లు చాలా అక్కడే వస్తాయి కాబట్టి ఆ లెక్కలోనే రాసుకో.

ఇప్పుడు చేతి దురద సంగతి. ట్రిప్లికేన్‌లో భారతి సాలై పేవ్‌మెంటు మీద పాత పుస్తకాల ముందు కూర్చుంటే నాకిప్పటికీ వేళ్ళు లాగుతాయి. నేను చేసేది ఒకటే, పేజీలు లెక్కపెడతాను. అట్ట తిప్పి, పిన్నులు తుప్పు పట్టాయేమో చూసి (మనది సముద్రపు గాలి, పిన్నులు త్వరగా పోతాయి), నడిమి కాగితం ఉందా, ఎవరైనా ఇంకుతో పేరు రాశారా, పజిల్ నింపేశారా, వెన్నుకి టేపు అంటించారా అని ఒక్కొక్కటీ చూస్తాను. టేపు అంటిస్తే కొన్నాళ్ళకి పసుపు మరక దిగుతుంది, అది పోదు. ఇదంతా చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాల్లో సగం పుస్తకాల మీద మోజు అదే దిగిపోతుంది. కొట్టువాడికి కూడా నువ్వు తెలిసినవాడివని అర్థమై, ధర కాస్త దారిలోకి వస్తుంది.

ఇంకో తేడా తెలుసుకో. అచ్చులో ఉన్నవి ఎక్కడికీ పోవు. టిన్‌టిన్ ఆల్బమ్‌లు, పూర్తికాని చివరిదాన్ని కలుపుకుని, 24. 1983లో వాటిని గీసిన హెర్జే పోయాక కొత్త కథలు రాలేదు. ఏ పెద్ద పుస్తకాల షాపులో అడిగినా ఉంటాయి, లేకపోతే తెప్పిస్తారు. వాటికోసం జీతం రోజున పరుగెత్తడం ఎందుకు? నందనం వైఎంసీఏలో జనవరిలో పుస్తకాల పండగ పెడతారు, పది శాతం తగ్గింపు ఇస్తారు. అచ్చులో ఉన్నవన్నీ జనవరికి వాయిదా వేయి. జనవరి వచ్చేసరికి సగం నీకే గుర్తుండవు. అచ్చు ఆగిపోయినవాటికి మాత్రం చేతిలో డబ్బుండాలి. నెలకి రెండు వేలు అనుకుంటే కవర్లో రెండు వేలు పెట్టు. ఏమీ దొరక్కపోతే అది అలాగే ఉండనీ, వచ్చే నెల నాలుగు వేలవుతుంది. మూర్ మార్కెట్‌లో నా దగ్గర లేనిది ఆ కవరే.

రాత్రి పదకొండుకి ఫోన్ గ్రూపుల్లో ఫోటో పెడతారు, ఎవడు ముందు "బుక్" అంటే వాడిదని. ఆ గ్రూపు శబ్దం ఆపేసి, పొద్దున కాఫీ తాగాక చూడు. అప్పటికి పోయిందంటే పోనీ.

ఆ ప్లాస్టిక్ సంచి విప్పని అమెరికన్ కామిక్ గురించి అడిగితే "ఇన్వెస్ట్‌మెంట్, మావయ్యా" అన్నావు. నందంబాక్కం ట్రేడ్ సెంటర్లో జరిగిన కామిక్ కాన్ మేళాలో కొన్నావట, ప్రత్యేకమైన అట్ట అట. సరదాకి కొన్నానని చెప్పు, ఒప్పుకుంటాను. 1991లో అమెరికాలో ఎక్స్-మెన్ మొదటి సంచిక ఐదు రకాల అట్టలతో వేశారు. ఎనభై లక్షల పైచిలుకు కాపీలు పోయాయి. ఒక్కొక్కడు ఐదు అట్టలూ కొని, విప్పకుండా దాచాడు. పిల్లల చదువులకి పనికొస్తుందనుకున్నారు. అందరూ దాచినదాన్ని ఎవడు కొంటాడు? ఈరోజుకీ అది చవకే. ఆ జోరు దిగిపోయాక ఎన్నో కామిక్స్ దుకాణాలు మూతపడ్డాయి, 1996లో ఆ ఎక్స్-మెన్ వేసిన మార్వెల్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది. మన ఇంద్రజాల్‌కి ఇప్పుడు ధర ఎందుకుందంటావ్? మనం చింపేశాం, అమ్మలు పాతపేపర్ల వాడికి వేశారు, వాడు వేరుశనక్కాయల పొట్లాలు కట్టించాడు. ఎవడూ దాచలేదు కాబట్టి.

2015 డిసెంబర్లో అడయారు పొంగి మా ఇంట్లోకి నీళ్ళొచ్చిన రాత్రి నీకు తెలుసు, అప్పుడు నువ్వు ఇంటర్. మోకాళ్ళ లోతు వచ్చేదాకా మేం లేవనేలేదు. మంచం కింద ఏడు పెట్టెలు. మీ అత్తయ్య బియ్యం డబ్బా ఎత్తుతుంటే నేను ఒక్క పెట్టె అటక మీదకి ఎక్కించగలిగాను. ఏది ఎత్తాలో ఆలోచించలేదు, చెయ్యి ఫాంటమ్‌ల పెట్టె మీదకే పోయింది. మిగతా ఆరు పెట్టెలూ నాలుగు రోజుల తర్వాత తెరిస్తే, నున్నటి అట్టలవన్నీ ఒకదానికొకటి అంటుకుని ఇటుకల్లా అయిపోయాయి. విడదీయబోతే బొమ్మలు ఊడి పక్క పేజీకి వచ్చాయి. మేడ మీద తీగలకి ఆరేసినవి ఓ ముప్పై మిగిలాయంతే. విచిత్రం ఏమిటంటే, పోయినవాటిలో పదింటి పేర్లు కూడా నాకు జ్ఞాపకం రాలేదు. నీ పెట్టెలు కూడా మంచం కిందే ఉన్నాయి. ముందు వాటిని పైకెక్కించు, పెరుంగుడి కూడా పల్లమే.

తమిళ కామిక్స్ మీద నిన్ను అనబోయి ఆగాను. నాకు తమిళ అక్షరాలు వచ్చిందే ముత్తు కామిక్స్‌తో. బొమ్మ ఉంటుంది, మాట చిన్నది, పక్కింటి పిల్లవాణ్ణి అడిగి ఒక్కొక్క అక్షరం పోల్చుకునేవాణ్ణి. ఆరు నెలల్లో బస్సు బోర్డులు చదివాను. కాబట్టి ఆ ఇరవై అమ్మొద్దు. కొత్తవి మాత్రం అవి చదవడం వచ్చేదాకా వద్దు.

వచ్చే ఆదివారం భోజనానికి రా. అత్తయ్య గోంగూర తెప్పించింది. తమిళ పుస్తకాల్లో సన్నపాటిది ఒకటి తీసుకురా, మొదటి నాలుగు పేజీలు కూర్చుని చదువుదాం. ఆ రెండో టిన్‌టిన్, ఫైవ్ ఇన్ వన్ కూడా పట్టుకురా, మా పైవాటాలో అమ్మాయి నాలుగో తరగతి చదువుతోంది, దానికిద్దాం. నా దగ్గర బహదూర్ డూప్లికేట్లు రెండున్నాయి. డైరీ కొని, జాబితా రాసుకుని వస్తే, అందులో ఉంటేనే ఇస్తాను.

మీ మావయ్య