వివాదాస్పద అంశం మీద సినిమా తీస్తే సెన్సార్ దగ్గర ఏం జరుగుతుంది?

కులం, రిజర్వేషన్లు, ఒక నాయకుడి పాలన లాంటివి కథావస్తువుగా తీసుకుంటే సెన్సార్ బోర్డు సినిమాని ఆపేస్తుందా, ముందే ఏం చూసుకోవాలి అన్నది ప్రశ్న. మొత్తంగా సర్టిఫికెట్ నిరాకరించడం అరుదు. ఎక్కువసార్లు దెబ్బ తగిలేది రిలీజ్ డేట్‌కి. అందుకే సెన్సార్ సర్టిఫికెట్ చేతికి రాకముందే డేట్ ప్రకటించి థియేటర్లు బుక్ చేసుకోవడం ఇలాంటి సినిమాకి పనికిరాదు. డేట్ తరుముకొస్తుంటే బోర్డు చెప్పిన ప్రతి కట్‌కీ తలూపాల్సి వస్తుంది.

బోర్డు చూసేది 1952 సినిమాటోగ్రాఫ్ చట్టంలోని 5బి సెక్షన్. దేశ సమగ్రత, భద్రత, విదేశాలతో సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి ప్రేరేపించడం: ఇవీ అందులోని కారణాలు. 'వివాదాస్పదం' అన్నది ఆ జాబితాలో లేదు. కానీ కేంద్రం బోర్డుకి ఇచ్చిన 1991 మార్గదర్శకాల్లో జాతి, మత, ఇతర వర్గాల్ని కించపరిచే మాటలు, దృశ్యాలు ఉండకూడదని ఉంది. కట్స్‌లో చాలా భాగం అక్కడి నుంచే పుడతాయి.

మొదట బోర్డు వేసిన ఎగ్జామినింగ్ కమిటీ సినిమా చూస్తుంది. కట్స్ ఒప్పుకోకపోతే సినిమాని మళ్లీ చూసే రివైజింగ్ కమిటీకి వెళ్లొచ్చు. అక్కడా కుదరకపోతే ఇదివరకు బోర్డు నిర్ణయాల మీద అప్పీళ్లు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది. 2021లో దాన్ని తీసేశారు. ఇప్పుడు మిగిలింది హైకోర్టే, ఉత్తర్వు వచ్చిన 30 రోజుల్లోగా వెళ్లాలి. అందుకని ప్రతి కట్‌కీ కారణం కాగితం మీద రాయించుకోండి. 'ఆ సీను కాస్త తగ్గించండి' అని నోటితో అన్న మాట పట్టుకుని కోర్టులో వాదించలేరు. కోర్టుకెళ్తే ఫలితం ఉండదనుకోవద్దు. 2016లో 'ఉడ్తా పంజాబ్'కి బాంబే హైకోర్టు ఒక్క కట్‌తో సరిపెట్టి, 48 గంటల్లో సర్టిఫికెట్ ఇమ్మంది.

ఎక్కువమంది పట్టించుకోనిది సౌండ్. రాజకీయ సినిమాకి వచ్చే అభ్యంతరాల్లో సీన్లకన్నా మాటలే ఎక్కువ: ఒక కులం పేరు, ఊరి పేరు, పార్టీ గుర్తుకొచ్చే నినాదం. వాటిని మ్యూట్ చేయమంటారు, లేదా మార్చమంటారు. ఫైనల్ మిక్స్ (శబ్దాలన్నీ కలిపిన చివరి సౌండ్) ఒకే ట్రాక్‌గా ఉంటే, మాటతో పాటు ఆ క్షణంలో ఉన్న బ్యాక్‌గ్రౌండ్ స్కోరు, జనం గోల కూడా ఠక్కున ఆగిపోతాయి. హాల్లో ఎవరికైనా అక్కడ ఏదో తీసేశారని తెలిసిపోతుంది, ఉన్న తిట్టుకన్నా పెద్ద తిట్టు ఊహించుకుంటారు! డైలాగ్, మ్యూజిక్, ఎఫెక్ట్స్ ట్రాక్‌లు విడివిడిగా దాచి ఉంచితే ఈ గొడవ లేదు. డబ్బింగ్ రోజునే అనుమానం ఉన్న ప్రతి మాటకీ పెదవికి సరిపోయే రెండో మాట అదే నటుడితో చెప్పించి పెట్టుకోండి. షూటింగ్‌లో అయితే అలాంటి డైలాగ్‌ని బిగ్ క్లోజప్‌లో మాత్రమే తీయకుండా, వినేవాడి రియాక్షన్ షాట్ ఒకటి అదనంగా తీయండి. మాట మార్చాల్సి వస్తే కొత్త మాటని ఆ షాట్ మీద వేసుకోవచ్చు. సబ్‌టైటిల్స్‌లో పాత మాట ఉండిపోవడం మామూలుగా జరిగే పొరపాటు, దాన్నీ సరిచూడండి. సర్టిఫికెట్ వచ్చాక తీసేసిన సీను మళ్లీ కలిపితే అది నేరం.

నిజమైన వ్యక్తుల మీద కథ అయితే, 'పాత్రలన్నీ కల్పితం' అని మొదట్లో కార్డు వేసినంత మాత్రాన రక్షణ రాదు. పోలికలు స్పష్టంగా ఉంటే పరువునష్టం కేసు నడుస్తుంది. కోర్టు తీర్పులు, అసెంబ్లీ రికార్డులు, కమిషన్ నివేదికల్లో ఉన్నదాన్ని ఆధారం చేసుకుని, ఏ సీనుకి ఏ పత్రమో ఒక ఫైలు తయారు చేసి ఉంచండి.

సర్టిఫికెట్ వచ్చాక రాష్ట్రం అడ్డుపడితే బలం నిర్మాతదే. రిజర్వేషన్లపై తీసిన తమిళ చిత్రం కేసులో (1989) సుప్రీంకోర్టు, గొడవలు జరుగుతాయన్న బెదిరింపుకి లొంగి భావప్రకటనని అణచకూడదంది. 2011లో 'ఆరక్షణ్' మీద ఉత్తరప్రదేశ్ నిషేధాన్నీ, 2018లో 'పద్మావత్' మీద కొన్ని రాష్ట్రాలు తెచ్చిన నిషేధాన్నీ అదే కోర్టు నిలవనివ్వలేదు. అయితే సర్టిఫికెట్‌నే సవాలు చేస్తే పరిస్థితి వేరు. 2023 డిసెంబరు చివర్లో రావాల్సిన 'వ్యూహం' తెలంగాణ హైకోర్టు ఆదేశాలతో ఆగి, 2024 మార్చిలో గానీ విడుదల కాలేదు. ఎన్నికల కోడ్ రోజుల్లోనూ రిలీజ్ పెట్టుకోకండి. 2019 ఏప్రిల్‌లో ఎన్నికల సంఘం ప్రధాని బయోపిక్‌నే ఆపింది.

'ఏ' (పెద్దలకు మాత్రమే) సర్టిఫికెట్ వస్తే టీవీకి మళ్లీ వేరే సర్టిఫికెట్ కావాలి కాబట్టి శాటిలైట్ (టీవీ హక్కుల) రేటు మాట్లాడేముందే అది లెక్కలో వేసుకోండి. నేరుగా ఓటీటీకి ఇస్తే బోర్డు అక్కర్లేదు, 2021 ఐటీ నిబంధనల ప్రకారం వయసు వర్గీకరణ ప్లాట్‌ఫామే చేసుకుంటుంది. కానీ వివాదం ఉన్న కథని ఏ ప్లాట్‌ఫామ్ లాయర్లూ తేలిగ్గా ఒప్పుకోరు, పైన చెప్పిన ఆధారాల ఫైలు మొదట అడిగేది వాళ్లే.