ఎండతో గదిలో చెమ్మ తీయొచ్చా?

ప్రశ్న: మా పుస్తకాల గది ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. అట్టల మీద బూజు తుడిచిన వారానికే మళ్లీ పడుతోంది. సోలార్‌తో నడిచే డీహ్యుమిడిఫైయర్ (గాలిలో తేమ తీసే యంత్రం) ఇంట్లోనే చేసుకోవచ్చా? ప్యానెల్ ఎంత పెద్దది కావాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: చేసుకోవచ్చు. నేను చేసుకున్నది మూడేళ్లుగా వాడుతున్నాను. ప్యానెల్ సంగతి తర్వాత చెబుతాను. ఇందులో అసలు పని చేసేది కరెంటు కాదు, ఎండ వేడి.

ముందు ఒక పరీక్ష చేయండి. గోడ మీద మూరెడు ప్లాస్టిక్ కాగితం పరిచి, అంచులన్నీ టేపుతో గాలి చొరకుండా అతికించండి. రెండు రోజులాగి చూడండి. కాగితానికి గోడ వైపు నీటి చుక్కలుంటే చెమ్మ గోడలోంచే వస్తోంది. పైపు లీకవుతూ ఉండొచ్చు, పునాది నుంచి నీరు ఎక్కుతూ ఉండొచ్చు. అది ఆపకుండా ఏ యంత్రం పెట్టినా దండగే. గోడ వైపు పొడిగా ఉంటే తేమ గాలిలోది. అప్పుడు నా పద్ధతి మీకు పనికొస్తుంది.

నేను వాడేది రెండు కిలోల సిలికా జెల్ గింజలు. రాత్రి గదిలో జాలీ ట్రేలో పరిచి, కింద కంప్యూటర్లలో ఉండే చిన్న ఫ్యాను పెడతాను. గింజలు గాలిలోని తేమను పట్టుకుంటాయి. పొద్దున ఆ ట్రేను ఆరుబయట చెక్కపెట్టెలో పెడతాను. పెట్టెకు పైన అద్దం, లోపల మెరుపు లేని నల్ల రంగు పూసిన రేకు, గాలి ఆడటానికి కింద ఒక కంత, పైన ఒకటి. మంచి ఎండకు లోపల 70 డిగ్రీలు దాటుతుంది. గింజల్లోని నీరు ఆవిరై పై కంతలోంచి పోతుంది. ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఆరినంత పూర్తిగా ఆరవు, కానీ రోజువారీ పనికి సరిపోతుంది. గింజల్ని అర అంగుళం మందానికి మించి పోయకండి, అడుగువి ఆరవు.

మొదట్లో కంతలు చీకటి పడ్డాక మూసేవాణ్ణి. నాలుగైదు రోజులు చూసినా గదిలో తేడా లేదు. ఒక రాత్రి ట్రే బయటికి తీస్తే, మధ్యాహ్నం నారింజ రంగులో ఉన్న గింజలు అప్పటికే ముదురాకుపచ్చకు తిరిగి ఉన్నాయి. గదిలో చెమ్మ ముట్టకుండా బయటి గాలి తేమనే తాగేశాయన్నమాట. ఎండ వాలక ముందే, పెట్టె వేడిగా ఉండగానే మూసేయాలి. చల్లారాకే లోపలికి తేవాలి, వేడి గింజలు తేమను సరిగా పట్టవు. రంగు మారే గింజలు కొంటే నారింజవే కొనండి. నీలం వాటిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఆరోగ్యానికి మంచిది కాదు. పోసేటప్పుడు దుమ్ము పీల్చకుండా మాస్కు పెట్టుకోండి.

రంగు కన్నా తూకాన్ని నమ్మండి. సాయంత్రం 2,000 గ్రాములు పెడితే తెల్లారి నాకు 2,260 తూగుతుంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న గదిలో 30 డిగ్రీల దగ్గర గాలి తేమను 85 శాతం నుంచి 60కి దించడానికి తీయాల్సిన నీరు సుమారు అంతే. అయితే కిటికీ ఓరగా తెరిచి ఉంటే ఆ నీరంతా గంటలో తిరిగొస్తుంది. గోడలు, పుస్తకాలు కూడా పట్టుకున్న చెమ్మను నెమ్మదిగా వదులుతుంటాయి. అందుకే పెట్టె మీద పెట్టే శ్రద్ధలో సగం తలుపు సందులు మూయడం మీద పెట్టమంటాను. తడి బట్టలు ఆ గదిలో ఆరేయకండి. ఒక తేమ మీటరు కొని, 60 దాటకుండా చూసుకోండి.

ఇక ప్యానెల్. ఫ్యానుకు మూడు వాట్లు చాలు కాబట్టి 20 వాట్ల ప్యానెల్, 12 వోల్టుల చిన్న బ్యాటరీ, మధ్యలో బ్యాటరీ అతిగా చార్జ్ కాకుండా చూసే చార్జ్ కంట్రోలర్ ఉంటే రాత్రంతా తిరుగుతుంది. ఫ్రిజ్‌లోలా కంప్రెసర్‌తో నడిచే డీహ్యుమిడిఫైయర్ అయితే చిన్నదే 200 వాట్లకు పైగా తింటుంది.

ముసురు పట్టినప్పుడే చెమ్మ ఎక్కువ, అప్పుడే ఎండ ఉండదు. అందుకని ఎండ ఉన్న రోజుల్లోనే ఇంకో రెండు కిలోలు ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పోసి, మూత మీద తూకం రాసి పెట్టుకోండి.