ఇన్సులిన్ పేషెంట్లకు కామిక్ పుస్తకం వేయిస్తే ఉపయోగం ఉంటుందా?

మీరు అడిగింది ఇదీ: ఇన్సులిన్ మొదలుపెట్టిన షుగరు పేషెంట్లకు ఎంత చెప్పి పంపినా ఇంటికెళ్లాక తప్పులు చేస్తున్నారు, కామిక్ పుస్తకం వేయిస్తే పనికొస్తుందా, ఏం చూసుకోవాలి అని. నేను ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో షుగరు, బీపీ క్లినిక్‌లో స్టాఫ్ నర్సుని. బొమ్మలతో చెప్పడం మాకు అలవాటైన పనే కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను.

పనికొస్తుంది, కానీ పుస్తకం వద్దు. ఒక్క కాగితం, అందులో ఒక్క తప్పు, నాలుగైదు గళ్లు చాలు. తిండి, నడక, పాదాలు, కళ్లు, కిడ్నీలు అన్నీ కలిపి పుస్తకం వేస్తే అది మందుల సంచిలో అడుగున పడి ఉంటుంది. ఏ తప్పు ఎక్కువగా జరుగుతోందో ముందు మీ పేషెంట్లను చూసి తేల్చుకోండి.

మా దగ్గర పెద్ద గొడవ సిరంజీతో. మన దగ్గర సీసాల్లో ఎక్కువగా దొరికేది మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్. దానికి ఎర్ర మూత సిరంజీ వాడాలి. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. షాపులో ఒక్కోసారి చేతికందింది ఇచ్చేస్తారు. పేషెంటేమో డాక్టరు చెప్పినట్టు "20 పాయింట్లు" లాగుతాడు. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. రోజూ వేసుకుంటున్నా షుగరు దిగడం లేదని వస్తాడు. తిరగేస్తే మరీ ప్రమాదం: 100 ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజీలో 20 దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి. ఈ లెక్కంతా నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు. సీసా మీద 40, సిరంజీ మీద 40, రెండిటినీ కలుపుతూ ఒక గీత గీస్తే ఎక్కుతుంది. ఇందులో ఒక చిక్కుంది. కాగితాన్ని జిరాక్స్ తీస్తే ఎరుపూ నారింజా రెండూ ఒకే బూడిదరంగులో వస్తాయి. అంచేత అంకెలు పెద్దవిగా వేయించి, మూతకి స్కెచ్ పెన్నుతో మీరే రంగు పూయండి.

అసలు కామిక్, అంటే కథ ఉన్నది, బాగా కుదిరేది లో షుగర్‌కి, అంటే ఒంట్లో షుగరు మరీ పడిపోవడానికి. అది ఒకదాని తర్వాత ఒకటి జరిగే సంగతి కదా. ఇన్సులిన్ వేసుకుని పెళ్లికి వెళ్లిన అవ్వకి భోజనం ఆలస్యమవుతుంది. చెమటలు, వణుకు. పక్కావిడ "దిష్టి తగిలింది" అంటుంది. మనవరాలు మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ షుగరు చూస్తుంది. మనవరాల్ని ఊరికే పెట్టలేదు. పెద్దవాళ్లకి చదువు రాని ఇళ్లలో మన కాగితం చదివేది బడికెళ్లే పిల్లలే, పైగా బొమ్మలుంటే వద్దన్నా చదువుతారు. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చెయ్యాలి అనే గడి కూడా వాళ్ల కోసమే.

గళ్లు పక్కపక్కన పెట్టకండి. మా దగ్గర ఉర్దూ మాత్రమే చదివేవాళ్లు చాలామంది, వాళ్ల చూపు కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. ముందు చక్కెర తాగి తర్వాత చెమటలు పట్టినట్టు కథ తిరగబడుతుంది. పైనుంచి కిందికి పేర్చితే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంటూ గుర్తు కూడా నమ్మదగ్గది కాదు. డీప్ ఫ్రీజర్‌లో సీసా పెట్టి దాని మీద ఇంటూ కొడితే, కొందరు సీసా ఫ్రీజర్‌లో ఉందనే చూస్తారు. గడ్డకట్టిన సీసాని పారేస్తున్నట్టు గీయించండి. ఫ్రిజ్ లేనివాళ్లకి తడి ఇసుక ఉన్న మట్టికుండలో డబ్బా పెట్టడం మరో కాగితంలో చూపించొచ్చు.

సూది ఎక్కడ వేసుకోవాలో చూపడానికి తలలేని పొట్ట గీస్తారు, నాకది అస్సలు నచ్చదు. చీర కట్టుకున్న మనిషి మొత్తం కనబడాలి, పక్కన గుండ్రంలో పొట్ట పెద్దదిగా, బొడ్డు చుట్టూ రెండంగుళాలు వదిలి. రోజూ ఒకేచోట పొడిస్తే గడ్డలు కట్టి మందు సరిగా ఎక్కదు కాబట్టి చోటు మార్చడమూ అందులోనే. లావుపాటి మనిషి, చేతిలో లడ్డూ లాంటి జోకులు మాత్రం వద్దు. అలాంటివి చూసి నవ్వేది మన స్టాఫే.

1996లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో, గాయానికి కుట్లు వేయించుకుని ఇంటికెళ్లేవాళ్లలో కొందరికి అక్షరాల కాగితం, మిగతావాళ్లకి కార్టూన్లున్న కాగితం ఇచ్చారు. చదివినవాళ్లు 79 శాతం, 98 శాతం. జాగ్రత్తల గురించి అడిగిన అన్నిటికీ సరిగ్గా చెప్పినవాళ్లు 6 శాతం, 46 శాతం. చాలా తేడానే. అయినా కార్టూన్లున్నా సగానికి పైగా అన్నీ చెప్పలేకపోయారు, అది కూడా గమనించండి. చేర్యాల పటం పక్కన కథ చెప్పే మనిషి ఉన్నట్టు, మన కాగితం పక్కన కూడా ఒక మనిషి ఉండాలి. "అర్థమైందా?" అంటే అందరూ "ఆ మేడం" అంటారు. కాగితం వాళ్ల చేతికిచ్చి "ఇందులో ఏం జరుగుతోందో మీరు చెప్పండి" అనండి. అచ్చుకి ఇచ్చేముందు పెన్సిల్ బొమ్మలు చూపించి కూడా ఇదే అడగండి, చదువురాని వాళ్లని తప్పకుండా.

గీయడానికి పెద్ద ఆర్టిస్టు అక్కర్లేదు, స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు చాలు. ఏ గడిలో ఏముండాలో మాత్రం మీరే రాసివ్వండి. డోసు దగ్గర ఖాళీ గడి వదిలేయండి, పెన్సిల్‌తో రాసి మారినప్పుడల్లా తుడిచి రాసుకోవచ్చు. అచ్చులో ఉదాహరణకని ఒక అంకె వేస్తే అదే తమ డోసు అనుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు.