జంటగా చూసిన క్రూయిజ్ ఓడలోనే కుటుంబంతో మళ్ళీ వెళ్ళవచ్చా?

మీ ప్రశ్న ఇది: పెళ్ళైన కొత్తలో మీరిద్దరూ సింగపూర్ నుంచి జెంటింగ్ డ్రీమ్ ఓడలో వెళ్ళివచ్చారు. ఇప్పుడు మీ అమ్మానాన్నలతో, ఇద్దరు పిల్లలతో మళ్ళీ అదే ఓడ ఎక్కితే చూసిందే చూసినట్టు ఉంటుందేమో, వేరే ఓడ వెతుక్కోవడం మేలేమో అని అడిగారు. మేము గుంటూరు వాళ్ళం. మొదట మా వారూ నేనూ, కొన్నేళ్ళ తరువాత అత్తయ్యగారు, మావయ్యగారు, పిల్లలతో కలిసి ఆ ఓడలోనే వెళ్ళాము కనుక నాకు తెలిసినంతవరకు చెబుతాను.

వేరే ఓడ అక్కరలేదు. ఓడ మీకు ముందే తెలిసి ఉండడం కుటుంబంతో వెళ్ళేటప్పుడు చాలా పెద్ద సౌకర్యం. అయితే మొదటి ప్రయాణానికి వేసుకున్న లెక్కలతో రెండో ప్రయాణం బుక్ చేయకండి. నా అభిప్రాయం ఒక్క మాటలో చెప్పాలంటే, జంటగా వెళ్ళేవారు డబ్బు గది మీద పెట్టాలి, కుటుంబంతో వెళ్ళేవారు రోజుల మీద పెట్టాలి.

ఈ ఓడను జర్మనీలోని మేయర్ వెర్ఫ్ట్ సంస్థ 2016లో నిర్మించింది. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఇది డ్రీమ్ క్రూయిజెస్ చేతిలో ఉండేది. కోవిడ్ దెబ్బకు ఆ సంస్థ మూతపడ్డాక, 2022 జూన్‌లో రిసార్ట్స్ వరల్డ్ క్రూయిజెస్ పేరుతో సింగపూర్ నుంచే మళ్ళీ నడవడం మొదలుపెట్టింది. పొడవు 335 మీటర్లు, అంతస్తులు 18, ఎక్కే జనం మూడు వేలకు పైమాటే. ఇద్దరం వెళ్ళినప్పుడు ఆ 335 మీటర్లు మాకు సాయంత్రపు నడక. అత్తయ్యగారి మోకాళ్ళకు అదే పొడవు గది నుంచి భోజనాల హాలుకు ఉన్న దూరం. రోజుకు ఎన్నిసార్లు తింటారో, ఎన్నిసార్లు గదికి వచ్చి పడుకుంటారో లెక్క వేసుకుంటే, లిఫ్టుకు దగ్గరగా ఉన్న గది ఎంత విలువైనదో మీకే తెలుస్తుంది.

గది విషయం కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే డబ్బంతా అక్కడే అటూ ఇటూ అవుతుంది. జంటకు బాల్కనీ గది తీసుకోవడం దండగ కాదు. మేము ఆ ప్రయాణంలో ఎక్కువ సేపు గడిపింది బాల్కనీలోనే. రాత్రి పూట మలక్కా జలసంధిలో వరుసగా వెళ్ళే సరుకు ఓడల దీపాలు చూస్తూ కూర్చోవడానికి టికెట్టు అక్కరలేదు, ఎవరితోనూ మాట్లాడనక్కరలేదు. పిల్లలతో వెళ్ళినప్పుడు అదే బాల్కనీ కాపలా కాయవలసిన చోటు అవుతుంది. గడియ పైకి ఉన్నదా, కుర్చీ కటకటాల దగ్గరకు ఎవరైనా లాగారా అని చూసుకోవడంతోనే సరిపోతుంది. అందువల్ల రెండోసారి బాల్కనీ వదులుకొని, ఆ మిగిలిన డబ్బుతో మధ్యలో తలుపు ఉన్న రెండు పక్క పక్క గదులు తీసుకోవడం మంచిదని మేము నిర్ణయించుకున్నాము. ఒకే గదిలో మూడో మనిషికి, నాలుగో మనిషికి ఛార్జీ సాధారణంగా తగ్గుతుంది కాబట్టి అందరూ ఒకే గదిలో సర్దుకుంటే చౌక అనిపిస్తుంది; కానీ గోడకు మడిచి ఉంచే మంచం రాత్రి దించితే నడవడానికి దారి ఉండదు, పెద్దవాళ్ళు రాత్రి లేచినప్పుడు ఇబ్బంది. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువగా తెలుస్తుంది. మలక్కా జలసంధికి అటు సుమత్రా, ఇటు మలయా ద్వీపకల్పం అడ్డుగా ఉంటాయి కనుక అక్కడి నీళ్ళు మామూలుగా శాంతంగానే ఉంటాయి, అయినా కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి ఆ గదులే మేలు.

కిటికీ లేని లోపలి గది గురించి ఒక మాట. పిల్లలకు అది వరం. పగలో రాత్రో తెలియని చీకటి కనుక హాయిగా నిద్రపోతారు. మావయ్యగారి లాగా తెల్లవారుజామునే లేచి తూర్పు వైపు తిరిగి దణ్ణం పెట్టుకొనే మనిషికి మాత్రం అది సరిపడదు. పెద్దవాళ్ళకు కనీసం కిటికీ గది, పిల్లలతో మీకు లోపలి గది అనుకోవచ్చు. మధ్యలో తలుపు ఉన్న పక్క పక్క గదులు తక్కువే ఉంటాయి, సెలవుల్లో అవే ముందు అయిపోతాయి.

ఇక రోజుల సంగతి. జంటకు రెండు రాత్రుల ప్రయాణం చాలు. కుటుంబానికి అది చాలదు. మొదటి రోజు క్యూలో నిలబడడం, పాస్‌పోర్టులు చూపడం, గది వెతుక్కోవడంతో పోతుంది. చివరి రోజు పొద్దున్నే గది ఖాళీ చేయాలి. మిగిలేది మధ్యలో ఒక్క రోజు. పెద్దవాళ్ళకు ఎటు వెళితే ఏముందో తెలియడానికే ఆ రోజు సరిపోతుంది, తెలిశాక దిగిపోవాలి. మూడు రాత్రులకు డబ్బు తక్కువైతే, బాల్కనీ ఆశ పూర్తిగా వదులుకొని అయినా మూడు రాత్రులదే చూడండి, లేదా ఇంకో ఏడాది ఆగండి.

ఎక్కే రోజున పెట్టెలు టెర్మినల్‌లోనే తీసుకుంటారు, అవి కొన్ని గంటల తరువాత గది గుమ్మం ముందుకు వస్తాయి. ఇద్దరికి దానివల్ల నష్టమేమీ లేదు. కుటుంబమైతే బీపీ, షుగరు మాత్రలు, పిల్లల ఈత బట్టలు, ఒక జత మామూలు బట్టలు చేతి సంచిలో ఉండాలి, ఎందుకంటే నీటి జారుడుబల్లలు కంటబడిన క్షణం నుంచి పిల్లలు ఆగరు. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది కనుక మాత్రలు ఏ వేళకు మార్చుకోవాలో ఊళ్ళో ఉన్నప్పుడే డాక్టరును అడిగి రాయించుకోవడం మంచిది. ఎక్కగానే జరిగే భద్రతా కసరత్తు మొదటిసారి మాకు ఒక తతంగం లాగా అనిపించింది. 2012 జనవరిలో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా మునిగిన తరువాత నిబంధనలు బిగించి, కొత్త ప్రయాణికులకు ఇది ఓడ కదలకముందు గానీ కదిలిన వెంటనే గానీ జరగాలని పెట్టారు. పిల్లల కొలతకు తగిన లైఫ్ జాకెట్ ఎక్కడ ఇస్తారో, పెద్దవాళ్ళు మెట్ల మీదుగా ఏ చోటుకు చేరాలో ఆ సమయంలోనే సిబ్బందిని అడిగి ఒకసారి నడిచి చూడండి.

తిండి దగ్గర తేడా బాగా కనిపిస్తుంది. ఇద్దరం వెళ్ళినప్పుడు విడిగా డబ్బు కట్టే రెస్టారెంట్లలో కొత్త వంటలు రుచి చూశాము. కుటుంబంతో వెళ్ళినప్పుడు అటువైపే పోలేదు. టికెట్టులో కలిసి ఉన్న లిడో బఫేలోనే మూడు పూటలూ గడిచాయి, అందులో భారతీయ శాకాహారం దొరుకుతుంది. అత్తయ్యగారికి గంటె ఎవరు దేనిలో పెట్టారోనన్న అనుమానం ఉంటుంది కనుక మొదటి పూటే సిబ్బందితో మాట్లాడాము. ఉల్లి, వెల్లుల్లి లేనిది కావాలంటే బుకింగ్ సమయంలోనే చెప్పుకోవాలి. కంపెనీ సీలు ఉన్న కారప్పొడి, కందిపొడి పొట్లాలు వెంట ఉంటే పెరుగన్నంతో రోజు గడిచిపోతుంది. రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె మాత్రం తీసుకువెళ్ళకండి. అగ్నిప్రమాదం భయంతో ఓడల్లో వాటిని అనుమతించరు. పలహారానికి ఎనిమిదిన్నర దాటాక వెళితే కూర్చోవడానికి బల్ల దొరకదు. ఇద్దరైతే పళ్ళేలు చేత పట్టుకొని ఎక్కడో ఒక మూల సర్దుకుంటారు గానీ ఆరుగురికి ఒకే చోట బల్ల కావాలంటే ఏడింటికే వెళ్ళాలి. పెద్దవాళ్ళు ఎలాగూ అప్పటికి లేచి ఉంటారు.

ఓడ ఆగే ఊళ్ళలో మలేషియాలోని పెనాంగ్ రెండు రకాల ప్రయాణాలకూ బాగుంటుంది. స్వెట్టెన్‌హామ్ పియర్ అనే రేవులో దిగితే జార్జ్ టౌన్ పాత ఊరు నడిచివెళ్ళే దూరంలోనే ఉంది. ఆ పాత ఊరినే మలక్కా పట్టణంతో కలిపి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. మొదటిసారి మేము అర్మేనియన్ వీధిలో 2012 నాటి గోడ బొమ్మలు చూస్తూ, ఎండలో దారి తప్పుతూ, చివరికి టాక్సీ పట్టుకొని పెనాంగ్ కొండ రైలు దాకా వెళ్ళాము. అంత తిరుగుడు కుటుంబంతో కుదరదు. రేవు పక్కనే విక్టోరియా రాణి పాలన 60 ఏళ్ళకు గుర్తుగా ఏడాదికి ఒక అడుగు చొప్పున 60 అడుగుల ఎత్తున కట్టిన గడియార స్తంభం ఉంది. మా పెద్దవాడు దాని నీడలో నిలబడి అడుగులు లెక్కపెట్టడానికి ప్రయత్నించాడు. అక్కడి నుంచి లిటిల్ ఇండియాలోని శ్రీ మహామారియమ్మన్ గుడికి వెళ్ళాము. 1833 నాటి ఆ గుడిలో అత్తయ్యగారు ఇంట్లో ఉన్నంత తీరుబడిగా కూర్చున్నారు. పక్క వీధిలో అరిటాకు భోజనం చేసి, మధ్యాహ్నపు ఎండ ముదరకముందే ఓడ ఎక్కేశాము. ఊరు చూడలేదన్న వెలితి ఎవరికీ లేదు.

ఓడ ఆగే ఇంకో మలేషియా రేవు పోర్ట్ క్లాంగ్ అలా కాదు. కౌలాలంపూర్ అక్కడికి 40 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, పోను గంట, రాను గంట తక్కువ కాదు. బటు గుహల సుబ్రహ్మణ్యేశ్వర స్వామి విగ్రహం చూపించాలని మీకు మనసు లాగుతుంది, విగ్రహం 42.7 మీటర్ల ఎత్తు కనుక కింద నుంచే కన్నులపండువగా కనిపిస్తుంది, గుహలోకి మాత్రం 272 మెట్లు. జంటగా అయితే తప్పక వెళ్ళండి. కుటుంబమైతే ఆ రోజు ఓడలోనే ఉండిపోవడం నాకు నచ్చిన పద్ధతి: సగం మంది ఊళ్ళోకి పోయిన పూట ఈత కొలనూ, జారుడుబల్లలూ క్యూ లేకుండా పిల్లలకు దొరుకుతాయి. రేవు కట్ట లేని చోట్ల ఓడ దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. నీటి మీద కదిలే ఆ పడవలోకి అడుగు వేయడం మోకాళ్ళ నొప్పులున్న వారికి కష్టం, ముందే అడిగి తెలుసుకోండి.

సాయంత్రాలు పూర్తిగా వేరు. జంటగా ఉన్నప్పుడు ఆలస్యంగా తిని, నాటకశాలలో రెండో ఆట చూసి, ఆ తరువాత జూక్ క్లబ్బులో సంగీతం వినేవాళ్ళం. కుటుంబంతో ఓడ పెళ్ళివారి విడిది ఇంటిలా మారుతుంది: ఎవరు తిన్నారు, ఎవరు ఎక్కడున్నారు, గది తాళపు కార్డు ఎవరి దగ్గర ఉంది అన్న మాటలే. సముద్రం మీద మామూలు ఫోను సిగ్నల్ ఉండదు, ఓడ ఉపగ్రహ నెట్‌వర్కుకు ఫోను తగులుకుంటే బిల్లు మోగిపోతుంది కనుక ఫ్లైట్ మోడ్‌లో ఉంచి, గంటకోసారి ఫలానా చోట కలుసుకోవాలని నియమం పెట్టుకోండి. మావయ్యగారికి ఓడ అంటే ఇదివరకు విజయవాడలో భవానీ ద్వీపానికి వెళ్ళే లాంచీయే; ఆయన పై అంతస్తులో ఒక కుర్చీ చూసుకొని రోజూ అక్కడే కూర్చొనేవారు. వేసవిలో తెలుగు కుటుంబాలు చాలా ఎక్కుతాయి, తెనాలి నుంచి వచ్చిన ఇంకో పెద్దాయన తోడు దొరికాక ఆయనను వెతకవలసిన పని లేకపోయింది.

మీరు బహుశా అడగడానికి మొహమాటపడిన సంగతి ఒకటుంది: ఇంతమంది మధ్య భార్యాభర్తలకు సమయం దొరుకుతుందా అని. దొరుకుతుంది, కొంచెమే. పిల్లలను ఓడలోని పిల్లల క్లబ్బులో దింపినప్పుడు కొంత, రాత్రి పిల్లలు నిద్రపోయాక పెద్దవాళ్ళతో ఒక మాట చెప్పి పైకి వెళితే కొంత. ఒక రాత్రి అలా వెళ్ళడంలో తప్పు లేదు, అత్తయ్యగారే వెళ్ళిరమ్మన్నారు. ప్రతి రాత్రీ అలా చేస్తే పెద్దవాళ్ళను పిల్లల కాపలాకు తీసుకువచ్చినట్టు ఉంటుంది. అంత ఏకాంతం కావాలనుకుంటే దానికి వేరే ప్రయాణం పెట్టుకోవడం మర్యాద.

కాగితాలలో ఒకటే ముఖ్యం. ఓడ మలేషియాలో ఆగి తిరిగి వచ్చినప్పుడు సింగపూర్‌లోకి మీది మళ్ళీ కొత్త ప్రవేశమే, కాబట్టి ఆరుగురి సింగపూర్ వీసాలూ ఒకటికి మించిన ప్రవేశాలకు చెల్లేవిగా ఉన్నాయో లేదో చూడండి. మలేషియా 2023 డిసెంబర్ నుంచి భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చింది. బయలుదేరే ముందు అప్పటి నియమం సరిచూసుకోండి.

కాలం ఎంచుకోవడం కూడా రెండు ప్రయాణాలకూ ఒకటి కాదు. జంటగా అయితే బడుల సెలవులు లేని నెలలో, వారాంతం తగలని ప్రయాణం చూసుకోవచ్చు. పిల్లలున్నప్పుడు మన బడుల వేసవి సెలవులే గతి, కానీ అందులోనూ వెసులుబాటు ఉంది: మనకు ఏప్రిల్ చివరలోనే సెలవులు మొదలవుతాయి, సింగపూర్ బడులకు మే చివరి వారంలో గానీ మొదలు కావు. మే నెల మొదటి పదిహేను రోజుల్లో బయలుదేరే ప్రయాణం దొరికితే దానికే కట్టండి.