18-18 దగ్గర బిగుసుకునే చెయ్యి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. పదమూడేళ్ల మా అమ్మాయి షటిల్ ఆడుతుంది. ప్రాక్టీసులో తనకన్నా పెద్దవాళ్లను ఓడిస్తుంది. టోర్నమెంటులో మాత్రం 18-18 దాకా వచ్చాక సర్వీసులు వరసగా నెట్‌కి కొట్టేస్తుంది. ధైర్యం చెప్పీ చెప్పీ అలిసిపోయాం.

జవాబు: ధైర్యం చెప్పడం కొన్నాళ్లు ఆపండమ్మా. పాపకు లోటు అది కాదు. షార్ట్ సర్వీసు వేల సార్లు చేసి చేతికి అలవాటైపోయిన పని. స్కోరు బిగిసేసరికి ‘తప్పు పోకూడదు’ అనుకుంటూ మణికట్టును కాపలా కాస్తుంది. మెట్లు దిగుతూ ఏ పాదం ఎక్కడ పడుతోందో చూసుకుంటే తడబడతాం, ఇదీ అంతే. రాకెట్ పట్టు బిగుస్తుంది, షటిల్ నెట్ అంచుకు తగులుతుంది.

పాయింటు అవగానే నెట్‌కి వీపు తిప్పమనండి. రాకెట్ తీగల వైపు చూస్తూ నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలసేపు వదలాలి. వదలడమే ముఖ్యం, గుండె వేగం తగ్గేది అప్పుడే. వేళ్లు ఒకసారి విప్పి మళ్లీ పట్టుకోవాలి. తర్వాత షటిల్ ఎక్కడ పడాలో ఒక్క మాట, ‘టీ దగ్గర’ అని (టీ అంటే షార్ట్ సర్వీసు గీత, మధ్య గీత కలిసే చోటు). ఎలా కొట్టాలో అనుకోకూడదు. ఇదంతా పది, పన్నెండు సెకన్లలో అయిపోవాలి; సాగదీస్తే అంపైర్ ఊరుకోరు.

చాలామంది ఇది టోర్నమెంటు ముందురోజు నేర్పిస్తారు, అందుకే పనిచేయదు. రోజూ ప్రాక్టీసు చివర, ఒళ్లు అలిసిపోయాక, 18-18 నుంచి ఐదు గేములు ఆడించండి. ఓడినవాళ్లు కోర్టులో షటిళ్లన్నీ ఏరాలి. ఆ చిన్న పందెం లేకపోతే ఒత్తిడే పుట్టదు. నెలన్నరైనా ఆగి చూడండి.

11 పాయింట్ల దగ్గర దొరికే 60 సెకన్ల విరామంలో కోచ్ ఒక్క సలహాతో సరిపెట్టాలి. గ్యాలరీ నుంచి మీ సైగలు వద్దు. తిరుగు ప్రయాణంలో, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా సరే, మ్యాచ్ సంగతి ఎత్తకండి. అన్నం తిన్నాక తనే చెబుతుంది. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, కోర్టు పేరెత్తితే వాంతులవుతున్నా ఇవేవీ చాలవు. మానసిక వైద్యానికి నిమ్హాన్స్ ఆసుపత్రిలో చూపించండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మావాడు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కాలుస్తాడు. పోటీలో చెయ్యి వణుకుతుంటే ప్రొప్రానొలాల్ మాత్ర వేసుకోమని ఎవరో చెప్పారట. వేయొచ్చా?

జవాబు: వద్దు. అది బీటా బ్లాకర్. గుండె వేగాన్ని, వణుకును తగ్గిస్తుంది కాబట్టే షూటింగులో పోటీ ఉన్నా లేకున్నా నిషేధం. ఉబ్బసం ఉన్నవాళ్లకైతే ప్రమాదం కూడా. మాత్ర కన్నా పిస్టల్ దించడం నేర్పండి. 60 షాట్లకు 75 నిమిషాలు, అంటే షాటుకు 75 సెకన్లు. గురిపెట్టిన ఏడెనిమిది సెకన్లలో పేలకపోతే దించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎత్తాలి. పట్టుదలగా పట్టుకునే ఉంటే వణుకు పెరుగుతుందే కానీ తగ్గదు. ఫిల్టర్ కాఫీ అలవాటుంటే పోటీ రోజు కూడా ఎప్పటిలాగే, అంతే కొలత.