తలంబ్రాల వేళకు ఆగని కార్డు

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

కెమెరా కొన్నావని, శ్రావణంలో రెండు పెళ్లిళ్లు ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. కెమెరాకు మెమరీ కార్డులు ఏవి కొనాలని అడిగావట. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను.

ముందు కార్డు మీద పెద్దక్షరాల్లో ఉండే అంకెను చూసి కొనడం మానేయి. 170, 200 అని మెరుస్తుండేది చదివే వేగం, అంటే కార్డులోంచి కంప్యూటర్‌లోకి ఫైళ్లు వచ్చే వేగం. మన పని నడిచేది రాసే వేగం మీద. పైగా యూహెచ్‌ఎస్-1 అనే రకం ఎస్‌డీ కార్డుకు ప్రమాణం ప్రకారం హద్దే సెకనుకు 104 ఎంబీ, అంటే మెగాబైట్లు. అంతకు మించి రాసి ఉంటే ఆ వేగం ఆ కంపెనీ అమ్మే ప్రత్యేక రీడర్‌లో పెట్టినప్పుడే వస్తుంది, నీ కెమెరాలో రాదు.

నువ్వు చూడాల్సింది చిన్నగా ఉండే వీ గుర్తు. వీ30 అంటే ఎంత తగ్గినా సెకనుకు 30 ఎంబీకి తగ్గకుండా రాస్తుందని హామీ. వీ60, వీ90 కూడా అంతే. యూ3 అన్నా 30 ఎంబీయే. యూ1, క్లాస్ 10 రెండింటి హామీ 10 ఎంబీ దగ్గరే ఆగుతుంది.

ఇక్కడ చాలామంది మెగాబిట్లకూ మెగాబైట్లకూ తేడా చూడక టెన్షన్ పడతారు. కెమెరా మెనూలో 4కే వీడియో 100 అని ఉంటే అవి మెగాబిట్లు. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు పన్నెండున్నర ఎంబీ. దానికి వీ30 ధారాళంగా సరిపోతుంది. గంట వీడియోకు 45 జీబీ దాకా అవుతుంది కాబట్టి 128 జీబీ కార్డులో రెండున్నర గంటలు పైనే పడుతుంది. 400 మెగాబిట్ల మోడ్ పెడితే మాత్రం సెకనుకు 50 ఎంబీ, అప్పుడు వీ60 కావాల్సిందే. వీడియో కోసమే వీ90 కొనమని కొట్టువాడు ఎంత చెప్పినా ఇప్పుడు నీకు అవసరం లేదు.

అసలు పరీక్ష ఫొటోల దగ్గర. జీలకర్ర బెల్లం అయ్యాక తలంబ్రాలు మొదలవుతాయి చూడు, ఇద్దరూ పోటీపడి పోసుకుంటారు, చుట్టూ నవ్వులు, గింజలు గాల్లో. అప్పుడు షట్టర్ మీంచి వేలు తియ్యబుద్ధి కాదు. రా ఫైలు, అంటే కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫొటో, ఒక్కోటి 25 ఎంబీ అనుకో, సెకనుకు పది తీస్తే 250 ఎంబీ. అవన్నీ ముందు కెమెరా లోపలి బఫర్ అనే తాత్కాలిక మెమరీలోకి వెళ్లి, అక్కణ్ణుంచి కార్డులోకి దిగాలి. కార్డు నెమ్మదిదైతే బఫర్ నిండిపోతుంది, షట్టర్ నొక్కినా పలకదు. పెళ్లికూతురు తలెత్తి నవ్వే క్షణం సరిగ్గా అప్పుడే వస్తుంది. ఆ క్షణం వాళ్లకు మళ్లీ రాదు, అందుకే ఈ విషయం ఇంతగా చెబుతున్నాను.

దీనికి యూహెచ్‌ఎస్-2 కార్డు కొను. వెనక పిన్నులు రెండు వరసలుంటాయి, దాని హద్దు 312 ఎంబీ. కానీ కెమెరా స్లాట్ కూడా యూహెచ్‌ఎస్-2 అయి ఉండాలి. లేకపోతే అదే కార్డు యూహెచ్‌ఎస్-1 వేగంతో నడుస్తుంది, డబ్బు దండగ. కొన్ని కెమెరాల్లో ఒక స్లాట్ వేగంది, రెండోది నెమ్మదిది. మాన్యువల్ తీసి చూసుకో.

సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ అనే ఇంకో రకం కార్డుల సంగతీ అడిగావట. అవి ఇంకా చాలా వేగం, ధర కూడా అలాగే ఉంటుంది. టైప్ ఏ, టైప్ బీ వేరువేరు సైజులు, ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. నీ కెమెరాలో ఉన్నవి రెండూ ఎస్‌డీ స్లాట్లే కనుక వాటి జోలికి వెళ్లకు. మా రోజుల్లో కాంపాక్ట్‌ఫ్లాష్ వాడేవాళ్లం. గట్టి కార్డే, కానీ వంకరగా తోస్తే కెమెరాలోని సన్నటి పిన్నులు వంగేవి. ఆ బెడద ఎస్‌డీకి లేదు. మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి పెళ్లికి మాత్రం తీసుకెళ్లకు. మధ్యలో ఇంకో అతుకు ఉంటే ఇంకో చోట చెడే అవకాశం ఉన్నట్టే.

రెండు స్లాట్లున్నాయి కదా, రెండింట్లోనూ ఒకేసారి రాసేలా సెట్ చెయ్యి. మొదటిది నిండాక రెండోదానికి వెళ్లే పద్ధతి పెళ్లికి వద్దు. రెండింట్లో రాసేటప్పుడు నెమ్మది కార్డు ఏదో దాని వేగమే వస్తుంది, అందుకే జత ఒకేలాంటిది కొను. ఈ ఒక్క ఖర్చు దగ్గర పిసినారితనం వద్దు నాన్నా.

కోఠిలో కొన్నా, పార్క్‌లేన్ సీటీసీలో కొన్నా బిల్లు, వారంటీ తీసుకో. సగం ధరకు 256 జీబీ ఇస్తామంటే నమ్మకు. నకిలీ కార్డు లోపల చిన్న చిప్ ఉంటుంది, కంప్యూటర్‌కు మాత్రం 256 అని అబద్ధం చెబుతుంది. ఆ చిన్న చిప్ నిండే దాకా బాగానే ఉంటుంది, ఆ తర్వాత తీసినవి పేర్లు కనిపిస్తాయి కానీ తెరుచుకోవు. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం నింపి, తిరిగి చదివించి చూడు.

ఫార్మాట్ ఎప్పుడూ కెమెరాలోనే చెయ్యి, అదీ ఫొటోలు రెండు హార్డ్ డిస్కుల్లోకి చేరాకే. బంధువుల పాత ల్యాప్‌టాప్‌లో పెడితే కార్డు ఫార్మాట్ చెయ్యాలా అని అడగొచ్చు. ఆ ల్యాప్‌టాప్ పాతదై 64 జీబీ, ఆపై కార్డుల ఫార్మాట్‌ను గుర్తుపట్టక అలా అడగొచ్చు, ఒప్పుకోకు. పొరపాటున ఫొటోలు చెరిగిపోతే ఆ క్షణమే కార్డు బయటికి తీసెయ్యి. దాని మీద కొత్తగా ఏమీ రాయనంతవరకు ఫొటోరెక్ లాంటి ప్రోగ్రామ్‌తో వెనక్కి తెచ్చే ఆశ ఉంటుంది.

ఇప్పటికి 128 జీబీ యూహెచ్‌ఎస్-2, వీ60 కార్డులు నాలుగు తీసుకో, రెండు కెమెరాలో, రెండు జేబులో. శనివారం నేను కోఠి వైపు వెళ్తున్నాను, వీలైతే మాన్యువల్ పట్టుకుని రా.

మీ పెదనాన్న